పసిచేతిలో విల్లు

వేసవి సెలవులు రాగానే మన ఊళ్లలో పిల్లల ధార్మిక శిబిరాల సందడి మొదలవుతుంది. పొద్దున ఖుర్ఆన్ పఠనం, దుఆలు, వుజూ, నమాజ్ పద్ధతి. అస్ర్ తర్వాత ఆటలు. ఆ ఆటల వరుసలోకి కొన్నిచోట్ల విలువిద్య కూడా వచ్చి చేరింది. నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్ నుంచి ఒక సోదరి మమ్మల్ని అడిగిన ప్రశ్న దీని గురించే.

ఆమె కొడుక్కి ఆరేళ్లు. ఆరుబయట జరిగే శిబిరంలో పిల్లలకు విల్లంబులు నేర్పుతారని తెలిసి అబ్బాయి తండ్రి ఎంతో సంతోషించాడు. ఇది ప్రవక్త (స) సున్నత్, చిన్నప్పుడే అలవాటు కావాలి అన్నాడు. తల్లికి మాత్రం మనసొప్పలేదు. "అన్నం కలుపుకుని తినడం సరిగ్గా రాని చేతికి బాణమా? అది ప్రాణం తీయడానికి పుట్టిన వస్తువు. ఆట పేరు పెట్టి దాన్ని పసివాడి చేతికివ్వడం ధర్మమేనా?" అన్నది ఆమె ప్రశ్న. ఎవరిది ఒప్పో తీర్పు చెప్పనక్కర్లేదు, విషయం అర్థమయ్యేలా చెబితే చాలని కూడా అన్నారు. ఆ మాట మాకు నచ్చింది. ఎందుకంటే ఇలాంటి ప్రశ్నలకు 'జాయెజ్', 'నాజాయెజ్' అని ఒక్క ముక్కలో జవాబు చెప్పి పంపేయడం మనకు అలవాటైపోయింది.

ముందు తండ్రి మాటను చూద్దాం. పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపుస్వారీ నేర్పమన్న ఒక వాక్యం మన ఇళ్లలో, ఉపన్యాసాల్లో, గోడ క్యాలెండర్లలో కూడా కనిపిస్తుంది. చాలామంది దాన్ని దైవప్రవక్త (స) హదీసుగానే చెబుతారు. నిజానికి అది హజ్రత్ ఉమర్ (రజి) మాటగా ప్రసిద్ధి చెందింది. ప్రవక్త (స) పేరిట వచ్చిన ఉల్లేఖనాలను హదీసువేత్తలు బలహీనమైనవన్నారు. ఇందులో మంచి సలహా ఉంది, కాదనం. కాని ప్రవక్త (స) చెప్పారని రూఢిగా తెలియని మాటను ఆయనకు అంటగట్టడం ఎంత పెద్ద విషయమో పాఠకులకు తెలుసు. సున్నత్ అన్న మాటను పిల్లవాడి చేతిలో పెట్టేముందు మనమే సరిచూసుకోవాలి.

అలాగని విలువిద్యకు ధర్మంలో చోటు లేదని కాదు. చాలానే ఉంది. శక్తిని సమకూర్చుకోమన్న అన్ఫాల్ సూరాలోని ఆయతును మింబర్ మీద చదివి, ఆ శక్తి అంటే విలువిద్యేనని దైవప్రవక్త (స) మూడుసార్లు నొక్కి చెప్పారని హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. అయితే ఆ ఆయతు ఎవరితో మాట్లాడుతోంది? శత్రువుల మధ్య తనను తాను కాపాడుకోవలసిన ఒక సమాజంతో, ఆ సమాజపు పెద్దలతో. దాని వెంటనే వచ్చే ఆయతు, అవతలివారు శాంతి వైపు మొగ్గితే మీరూ మొగ్గండని ఆదేశిస్తుంది. మొదటి ఆయతును కంఠస్థం చేసి రెండోదాన్ని మరచిపోయేవారిని మేము చూశాం. రెండింటిలో ఏ ఒక్కటీ ఆరేళ్ల పిల్లవాడి మీద పెట్టిన బరువు కాదు.

వయసు విషయంలో ఇంతకంటే స్పష్టమైన సంఘటన ఒకటుంది. ఉహద్ యుద్ధం నాటికి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కి పద్నాలుగేళ్లు. ఉత్సాహంగా ముందుకు వచ్చారు. దైవప్రవక్త (స) అనుమతించలేదు. ఖందక్ నాటికి పదిహేనేళ్లు వచ్చాయి, అప్పుడు అనుమతించారు. తరువాతి కాలంలో ఈ ఉల్లేఖనం విన్న ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్, పిల్లవాడికీ పెద్దవాడికీ మధ్య గీత ఇదేనన్నారని బుఖారీలో ఉంది. సాయుధులైన శత్రువులు ఊరి అంచుకు వచ్చి నిలబడిన రోజున కూడా పద్నాలుగేళ్ల బాలుణ్ణి ఇంటికి పంపారంటే ఆలోచించాలి. ఆయుధానికున్న బాధ్యత వేరు, దానితో ఆట వేరు అని ఆనాడే గీత గీశారు. ఆరేళ్లవాడికి విల్లు ఇవ్వడం సున్నత్ అని, ఇవ్వకపోతే సున్నత్‌ను వదిలినట్టని తండ్రి అనుకుంటే అది హద్దు దాటిన మాటే.

మరి తల్లి మాటో? ప్రాణం తీయడానికి పుట్టిన వస్తువు గనుక అది ఆటవస్తువు కారాదు అన్నది ఆమె వాదన. ఇదీ పూర్తిగా నిలవదు. ఈద్ నాడు హబషీలు మస్జిదె నబవీలో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (స) వారించలేదు సరికదా, హజ్రత్ ఆయిషా (రజి)కి తన భుజం చాటు నుంచి చూపించారు. అస్లమ్ తెగవారు బాణాల పోటీ పెట్టుకుని ఉండగా ఆయన (స) అటువైపు వెళ్లి, ఇస్మాయీల్ సంతానమా వేయండి, మీ తండ్రి కూడా విలుకాడేనని ప్రోత్సహించారు. హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిస్సలాం) జమ్‌జమ్ దగ్గర చెట్టుకింద కూర్చుని తన బాణాలు చెక్కుకుంటూ ఉండగానే తండ్రి ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) ఆయన్ను కలుసుకున్నారని బుఖారీలోనే మరో ఉల్లేఖనం చెబుతుంది. ఆ చిత్రం ఎంత ప్రశాంతమైనదో చూడండి.

అస్లమ్ తెగ సంఘటనలో మిగతా భాగం ఇంకా ముఖ్యం. నేను ఫలానావారి పక్షం అని ప్రవక్త (స) ఒక జట్టు వైపు నిలబడ్డారు. వెంటనే రెండో జట్టు చేతులు ఆపేసింది. ఏమైంది, ఎందుకు వేయడం లేదని అడిగితే, మీరు వాళ్ల పక్షాన ఉండగా మేమెలా వేస్తామన్నారు వారు. అయితే వేయండి, నేను మీ అందరి పక్షాన ఉన్నానన్నారాయన (స). పిల్లల శిబిరాలు నడిపేవారు ఈ ఒక్క సంఘటనను మనసులో పెట్టుకుంటే చాలు. గురి కుదిరిన పిల్లవాడికి చప్పట్లు కొట్టి, కుదరనివాడి వైపు చూడకుండా పోయే మాస్టర్లను మనం ఎంతమందిని చూడలేదు!

బక్రీద్ నాడు మన ఇంట్లో కత్తి ఉంటుంది. పిల్లలు చుట్టూ ఉంటారు. కత్తి పదును పెట్టుకోవాలని, జంతువును బాధపెట్టవద్దని వారికి చెబుతూనే ఉంటాం. వస్తువులో చెడు లేదు. వస్తువుతో పాటు దాని అదబ్ చేరిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. విల్లు విషయంలోనూ అంతే. దాని అదబ్‌ను మోయగలిగిన వయసు ఏది అని అడగాలి తప్ప, అది పవిత్రమా అపవిత్రమా అని కాదు.

అదబ్ లేని విలువిద్య ఎలా ఉంటుందో చూపే ఉల్లేఖనం ఒకటుంది. మా దృష్టిలో ఈ మొత్తం చర్చకు అదే కీలకం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) దారిన పోతుంటే ఖురైష్ కుర్రాళ్లు కొందరు ఒక పక్షిని కట్టేసి దాని మీద బాణాలు వేస్తున్నారు. గురి తప్పిన ప్రతి బాణం ఆ పక్షి యజమానికి చెందేలా ముందే ఒప్పందం చేసుకున్నారు. ఆయన్ను చూడగానే చెల్లాచెదురయ్యారు. ఈ పని చేసింది ఎవరు, ఇలా చేసినవారిని అల్లాహ్ శపించుగాక, ప్రాణమున్నదాన్ని గురిగా పెట్టుకున్నవారిని దైవప్రవక్త (స) శపించారన్నారు ఇబ్నె ఉమర్ (రజి).

ఇందులో ఆ ఒప్పందం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ కుర్రాళ్లు దొంగలు కారు. పక్షిని ఎత్తుకొచ్చి చంపడం లేదు. యజమానితో మాట్లాడుకున్నారు, నష్టం కట్టిస్తున్నారు, బహుశా వంతులవారీగా వేస్తున్నారు. తమలో తాము న్యాయంగానే ఉన్నారు. ఆ న్యాయంలో చేరనిది ఒక్కటే, కట్టేసిన పక్షి. దానితో ఎవరూ ఒప్పందం చేసుకోలేదు. ఆటకు నియమాలున్నాయి కాబట్టి ఆట మంచిదే అనుకునే మనబోటి పెద్దలకు ఇక్కడ హెచ్చరిక ఉంది. నియమాలు ఆడేవారి కోసం. అదబ్ ఆటలో లేనివారి కోసం, నోరు లేనివారి కోసం. పైగా ఆ కుర్రాళ్లు ఆయన్ను చూసి పారిపోయారంటే, చేస్తున్నది తప్పని వారికి తెలుసన్నమాట. తెలిసీ చేతులు ఆగలేదు.

దీని పక్కన మరో పక్షిని పెట్టి చూడండి. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. అది చనిపోయి అతను దిగులుగా ఉంటే దైవప్రవక్త (స) అంత పనుల మధ్యా ఆ పసివాడి పిట్ట సంగతి పేరుపెట్టి అడిగారు. పిల్లవాడి దుఃఖాన్ని చిన్నచూపు చూడలేదు. పిట్ట పోతే ఏడ్చే మనసు ముందు తయారు కావాలి, విల్లు తర్వాత రావాలి. ఈ వరుస తారుమారైతేనే ప్రమాదం.

బల్మూర్ విషయానికి వద్దాం. ఆ ప్రాంతానికి విల్లు కొత్తది కాదు. నల్లమల అంచున ఉన్న ఊళ్లవి. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి ఆ తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చాయి. బల్మూర్, అచ్చంపేట, లింగాల, అమ్రాబాద్ వైపు చెంచు పెంటలున్నాయి. తేనె, గడ్డలు, అడవి ఫలసాయం వారి జీవనం. విల్లంబులు వారి గుర్తు. ఆస్ట్రియా దేశస్థుడు హైమన్‌డార్ఫ్ నిజాం కాలంలో వారి మధ్య ఉండి 1943లో వారిపై ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. చెంచు బాలుడు కూడా చిన్నప్పుడే చిన్న విల్లు పడతాడు. అయితే అతని విల్లు వెనుక అడవి ఉంది, తండ్రి ఉన్నాడు, ఆకలి ఉంది, ఎప్పుడు కదలకుండా ఉండాలో తెలిసిన ఏళ్ల తరబడి సహవాసం ఉంది. ఇప్పుడు ఆ వేట కూడా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. ఆ అడవి నేడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఎవరి బతుకుకు విల్లు ఆధారమో వారి చేతిలో అది బరువైంది. మన పిల్లలకేమో అది సాయంత్రపు సరదా అవుతోంది. ఇందులో మనకు తెలియకుండా ఒక మొరటుదనం ఉంది.

కనుక అక్కడి శిబిరంలో విలువిద్య నేర్పాలనుకునేవారు చెంచు పెద్దనొకరిని పిలిస్తే మేము సంతోషిస్తాం. కాని ఎలా పిలుస్తారన్నది చూడాలి. ఫొటోకు నిలబెట్టి, పిల్లలకు 'అడవి మనిషి'ని చూపించి, చేతిలో ఏదో పెట్టి పంపడానికైతే పిలవకండి. ఉస్తాదుగా పిలవండి. కుర్చీ వేయండి, పిల్లలచేత సలాం చేయించండి లేదా వారి పద్ధతిలో నమస్కరించమనండి, 'తాతా' అని పిలిపించండి. మన ధర్మం కానివారి వద్ద విద్య నేర్చుకోవచ్చా అని కొందరు సందేహిస్తారు. హిజ్రత్ వేళ మక్కా నుంచి మదీనాకు దారి చూపినవాడు ఖురైషీల మతంలోనే ఉన్న ఒక మార్గదర్శి. దైవప్రవక్త (స), హజ్రత్ అబూబకర్ (రజి) తమ ప్రాణాలను, ఒంటెలను అతనికి అప్పగించారు, కూలి మాట్లాడుకుని మరీ. దారి తెలిసినవాడు దారిలో గురువే. ఇక కూలివాడి కూలి అతని చెమట ఆరకముందే ఇవ్వాలన్న బోధ మనకు తెలిసిందే. శిబిరం ముగిశాక 'లెక్కలు చూసి పంపిస్తాం' అనే నిర్వాహకులకు ఇది గుర్తు చేయడం తప్పు కాదనుకుంటాం.

ఇంకో సంగతి. విజయవాడలో విలువిద్య బాగా వేళ్లూనుకుంది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ అక్కడి అమ్మాయే. 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్ కూడా విజయవాడ వాడే. అదే ఊళ్లో 2015లో మూడేళ్లు నిండని ఒక పాప ఐదు మీటర్లు, ఏడు మీటర్ల దూరం నుంచి బాణాలు వేసి 388 పాయింట్లు సాధించి జాతీయ రికార్డు పుస్తకంలోకెక్కింది. పాప పేరు పత్రికలన్నీ రాశాయి, మేము రాయబోవడం లేదు. పాప శ్రమను, ఆ కుటుంబపు పట్టుదలను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. మూడేళ్ల పసికందు కూడా తగిన తేలికపాటి విల్లుతో, పక్కనే నేర్పేవారుంటే బాణం వేయగలదని ఆ సంఘటన తేల్చింది. అంటే 'వేయగలడా' అన్న ప్రశ్న ముగిసింది. 'ఎవరి కోసం వేస్తున్నాడు' అన్నది మిగిలింది.

నిజాయితీగా చెప్పుకుందాం. శిబిరంలో పిల్లవాడు విల్లు పట్టుకున్న ఫొటో సెల్‌ఫోన్‌లో బంధువులందరికీ వెళ్తుంది. మాషా అల్లాహ్ అని జవాబులు వస్తాయి. మరునాటికి విల్లు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) వృద్ధాప్యంలో కూడా రెండు గురుల మధ్య అటూ ఇటూ నడుస్తూ అభ్యాసం చేసేవారు. ఈ వయసులో మీకెందుకీ కష్టం అని ఒకరు అడిగితే, విలువిద్య నేర్చి వదిలేసినవాడు మనవాడు కాడన్న భావంలో ప్రవక్త (స) చెప్పిన మాట విన్నానని, అది వినకపోతే ఇంత బాధ పడేవాణ్ణి కాదని చెప్పారు. పది బాణాలు వేసిన పసివాడు 'నేర్చి వదిలినవాడు' కాడు, అతని మీద ఏ నిందా లేదు. కాని సున్నత్ పేరు చెప్పి పది నిమిషాల సరదా పెట్టి, మరి దాని ఊసెత్తని పెద్దలు ఆ వృద్ధ సహాబీని తలచుకుని సిగ్గుపడాలి. సున్నత్ అంటారా, కొనసాగించండి. సరదా అంటారా, సరదా అనే చెప్పండి. సరదా హరామ్ కాదు. దానికి సున్నత్ ముసుగు వేయడమే మాకు నచ్చనిది.

ఇక జాగ్రత్తల మాట. కొందరు దీన్ని ధర్మంతో సంబంధం లేని విషయం అనుకుంటారు. మస్జిదులోకో బజారులోకో బాణాలతో వచ్చేవాడు వాటి మొనలను చేత్తో పట్టుకోవాలని, ఎవరికీ గీసుకోకూడదని దైవప్రవక్త (స) ఆదేశించారు. సోదరుడి వైపు ఆయుధం చూపవద్దన్నారు, షైతాన్ చేయి జార్చవచ్చు గనుక. హాస్యానికి కూడా వద్దు. పద్నాలుగు వందల ఏళ్ల కింద చెప్పిన ఈ మాటలే నేడు విలువిద్యా మైదానాల్లో నియమాలు. రెండు ఈలలు వేస్తే గీత దగ్గరికి రావాలి, ఒక ఈలకు బాణం వేయాలి, మూడు ఈలలు వినిపించాకే అందరూ కలిసి వెళ్లి బాణాలు తెచ్చుకోవాలి. అంతకుముందు ఎవరూ గీత దాటరాదు. ఐదు ఈలలు వినిపిస్తే ఎక్కడివారక్కడ ఆగిపోవాలి. విల్లు ఎప్పుడూ గురివైపే చూడాలి. బాణం లేకుండా నారిని లాగి వదలరాదు, విల్లు విరిగి మొహానికి తగులుతుంది. పిల్లలకు లాగడానికి తేలికైన విల్లు, వారి చేతికంటే పొడవైన బాణాలు, మోచేతికి రక్ష. గురి వెనుక మట్టికట్టయినా ఉండాలి. ఖాళీ పొలమే కదా అనుకుంటే సరిపోదు, పొలాల్లోకి మేకలూ వస్తాయి, మనుషులూ వస్తారు.

ఏదైనా జరిగితే జవాబుదారీ ఎవరు? యుక్తవయసు వచ్చేవరకు పిల్లవాడి మీద కలం ఎత్తబడి ఉంటుందని, అంటే అతని లెక్క రాయబడదని మనకు తెలుసు. అతని చేత ఎవరికైనా హాని జరిగితే అతనికి పాపం లేదు, కాని నష్టపరిహారం రద్దు కాదన్నారు ఫుఖహాలు. మరి పాపం ఎక్కడికి పోయింది? పసివాడి చేతికి విల్లిచ్చి, నీడలో కూర్చుని ఫోన్ చూసుకున్నవాడిని అల్లాహ్ అడగడా? విల్లు ఆరేళ్లవాడిదే అయినా బాణం పెద్దవాడిదే. ఆ తల్లి భయంలో ఉన్న నిజం ఇక్కడుంది. ఆమె విల్లుకు భయపడలేదు, పెద్దల అజాగ్రత్తకు భయపడింది.

చివరిగా, చాలామంది లోపల అనుకుని బయటికి అనని మాట ఒకటుంది. ముస్లిం పిల్లలు, టోపీలు, చేతిలో విల్లు. ఈ కాలంలో చూసేవారు ఏమనుకుంటారు? మా మిత్రులు కొందరు, అందుకే మానేద్దామన్నారు. ఇంకొందరు, ఎవరేమనుకుంటే మనకేం అన్నారు. రెండూ తొందరపాటే. ఎవరో అనుమానిస్తారని పిల్లలకు బడిలో అందరూ ఆడే ఆటను నిషేధించనక్కర్లేదు. పొరుగువాడి మనసులో గుబులు పుట్టించి, అది అతని కర్మ అనడం కూడా మన ధర్మం కాదు. నిద్రపోతున్న సహచరుడి దగ్గరున్న తాడును సరదాకు తీసి అతన్ని ఉలిక్కిపడేలా చేసినందుకే దైవప్రవక్త (స) మందలించారు. ఊరి పాఠశాల మైదానంలో, పట్టపగలు, పంచాయతీకి చెప్పి పెట్టండి. పక్కింటి హిందూ పిల్లలనూ, తండాల పిల్లలనూ పిలవండి. బాణాలు ఏరుకొచ్చేటప్పుడు పిల్లలందరూ కలిసే పరుగెత్తుతారు. ఉపన్యాసాలతో పోగొట్టలేని గుబులు ఆ పరుగులో పోతుంది. దాచి చేసే ఏ పనినీ పిల్లలకు సున్నత్ పేరుతో నేర్పకండి.

ఆ సోదరికి మేము చెప్పింది ఇదీ. మీ అబ్బాయిని ఇంట్లో ఒకసారి పరీక్షించి చూడండి. ఆటలో పూర్తిగా మునిగి ఉన్నప్పుడు 'ఆగు' అని ఒక్కసారి పిలవండి. చేయి అక్కడికక్కడే ఆగితే వాణ్ణి పంపండి. ఆగకపోతే ఈ ఏడాది శిబిరానికి పంపండి కాని విల్లు ఇప్పించకండి. గీత వెనుక కూర్చుని, ఏరుకొచ్చిన బాణాలను మొనలు చేత్తో పట్టుకుని తాతకు లెక్కపెట్టి అందించే పని ఇప్పించమని వాళ్ల అబ్బాతో చెప్పండి.

పది రోజుల తర్వాత ఆమె మళ్లీ ఫోన్ చేశారు. మూడుసార్లు పిలిచినా ఆగలేదట. బాణాలు అందించే పనికి ఒప్పుకున్నాడు గాని, వచ్చే ఏడాదికి తనకు ఏడేళ్లు నిండుతాయా లేదా అని రోజూ వేళ్లమీద లెక్కపెడుతున్నాడట.